చడీచప్పుడూ లేని చల్లదనం

మనిషికి నిద్ర పట్టకపోవడానికి వెయ్యి కారణాలు వుంటాయి గాని, మే నెలలో బెజవాడ వాళ్లకు ఒక్కటి చాలు. రోహిణీ కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. రోళ్ల సంగతేమో గాని, పగలల్లా ఎండను తాగిన కొండలూ, కాంక్రీటు గోడలూ చీకటి పడ్డాక ఆ వేడినంతా మళ్లీ మన మీదికే కక్కుతాయి. దానికి తోడు ఉక్క. పూర్వం దీనికి మందులు వుండేవి. కిటికీలకు వట్టివేళ్ల తడకలు కట్టి నీళ్లు చల్లేవారు. సాయంత్రం డాబా మీద నాలుగు బిందెల నీళ్లు కుమ్మరించి నవారు మంచాలు వేసేవారు. ఇప్పుడు డాబా మీద పడుకుందామంటే దోమలు వుండనివ్వవు, చుట్టూ లేచిన అయిదంతస్తుల మేడలు గాలిని రానివ్వవు. అంచేత అందరమూ గదుల్లోకి దూరి, తలుపులు బిగించుకుని, యంత్రాన్ని ఆశ్రయించాం.

నిజానికి ఈ యంత్రం పుట్టింది మనుషుల సుఖం కోసం కాదు. 1902లో అమెరికాలోని బ్రూక్లిన్‌లో ఒక ముద్రణాలయం వారికి పెద్ద చిక్కు వచ్చింది. గాలిలో తేమ మారినప్పుడల్లా కాగితం సాగడమో ముడుచుకోవడమో జరిగి, రంగులు ఒకదాని మీద ఒకటి సరిగా పడేవి కావు. ఆ తేమను అదుపు చేయడానికి విల్లిస్ కేరియర్ అనే యువ ఇంజనీరు చేసిన ఏర్పాటే నేటి ఏసీలకు మూలం. బొమ్మల పత్రికలు చదివే మనకు ఆయన రెండు విధాల ఉపకారి అన్నమాట. అయితే అచ్చుయంత్రాల మధ్య బతికేదాన్ని చప్పుడు చేయవద్దని ఎవరంటారు? ఆ పేచీ అది పడకగదిలోకి వచ్చాక మొదలయింది.

మా ఇంట్లో రెండు పడకగదులు. మధ్యన ఒక తలుపు. ఇవతల మేము, అవతల మా అత్తగారు. ఆవిడకు 76 ఏళ్లు, చక్కెర వ్యాధి. పోయిన వేసవిలో ఒకనాడు రాత్రి రెండు గంటలప్పుడు చక్కెర పడిపోయి ఆవిడకు వొళ్లంతా చెమటలు పోశాయి. "అమ్మాయ్" అని ఒక్క పిలుపు పిలిచారు. అది పిలుపు కూడా కాదు, ఊపిరి. మధ్య తలుపు తీసి వుంది గనుకా, మా గదిలో ఫ్యాను తప్ప మరో రొద లేదు గనుకా నాకు వినబడింది. గ్లూకోజు నీళ్లు తాగించాక కాసేపటికి తేరుకున్నారు.

ఈ సంవత్సరం మావారు రెండు గదులకూ ఏసీలు పెట్టిద్దామన్నప్పుడు అత్తగారు అడిగింది ఒక్కటే.

"తలుపులు బిగించుకుని ఆ మోతలో మీరు పడుకుంటే, నేను పిలిస్తే ఎవరికి వినపడుతుందిరా?"

మావారికి కాస్త హోరు వుంటేనే నిద్ర. "హోరు వుంటే మంచిదే కదా, వీధికుక్కల అరుపులు వినపడవు" అన్నారు.

"కుక్కల అరుపులే వినపడకపోతే అమ్మ పిలుపు వినపడుతుందాండీ?" అన్నాను. ఆయన మరి మాట్లాడలేదు. చప్పుడు లేని ఏసీ కావాలన్న తీర్మానం అలా జరిగింది.

కొట్టుకు వెళ్లాం. "దీనికి సౌండే వుండదండీ మేడమ్" అన్నాడు అమ్మే కుర్రవాడు. అతని వెనకాల పది టీవీలు ఒక్కసారిగా పాడుతున్నాయి. వాకిట్లో బందరు రోడ్డు ఘోషిస్తోంది. అక్కడ రైలింజను పెట్టినా సౌండు వుండదు.

"సౌండు లేని యంత్రం ఎక్కడుంటుంది నాయనా, ఎంత వుందో చెప్పు" అన్నాను. అతను పాపం కరపత్రం వెతికి తెచ్చాడు. "ఇదుగోనండీ, 22 డెసిబెల్సు!"

ఈ డెసిబెల్సు లెక్క కాస్త చిత్రమైనది. 20కి 40 రెట్టింపు అనుకోకూడదు. 10 పెరిగితే ధ్వనిశక్తి పదిరెట్లవుతుంది. మన చెవికి మాత్రం సుమారు రెట్టింపుగా తోస్తుంది. పడకగదిలో ఎడతెగని చప్పుడు 30 దాటకుండా వుండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో సూచించింది. కిటికీలో బిగించే ఏసీకి కంప్రెసరూ ఫ్యానులూ అన్నీ ఒకే పెట్టెలో వుంటాయి గనుక 50 దాటడం మామూలు. స్ప్లిట్ రకంలో కంప్రెసరు గోడ అవతలికి పోతుంది గనుక లోపలి పెట్టె 30 లోపు వుండగలదు. అయితే కరపత్రంలో గొప్పగా వేసే అంకె సాధారణంగా ఫ్యాను అతి నెమ్మదిగా తిరిగేటప్పటిది. అదే యంత్రం జోరు మీద 40 దాటవచ్చు. అందుచేత తక్కువలో ఎంతో ఎక్కువలో ఎంతో రెండూ అడగాలి. పెట్టె మీది నక్షత్రాలు కరెంటు సంగతి చెబుతాయి గాని చప్పుడు సంగతి చెప్పవు.

అంకెలతో అంతా తేలదు. తెలుగు పాఠాలు చెప్పుకునేదాన్ని గనుక నాకిక్కడ మన భాషే ఎక్కువ సాయపడింది. కరపత్రానికి తెలిసింది సౌండు అనే ఒక్క మాట. మనకు హోరు వేరు, మోత వేరు, కిటకిట వేరు, టపటప వేరు. కొట్లో వినడం కుదరదని తేలాక, ఏసీలున్న స్నేహితుల ఇళ్లకు రాత్రి తొమ్మిది దాటాక వెళ్లి మరీ విన్నాం. మా కాలేజీ ఫిజిక్సు లెక్చరరుగారి పడకగదిలో మేమిద్దరమూ ఊపిరి బిగబట్టి నిలబడితే, వాళ్ల మనవడు దొంగలనుకుని కెవ్వుమన్నాడు. అయినా ఏ చప్పుడుకు ఏ పేరు తగులుతుందో, దానికి మందేమిటో ఆ తిరుగుళ్లలోనే తెలిసింది.

హోరు గాలిది. చిన్న యంత్రం పెద్ద గదిని చల్లబరచడానికి రాత్రంతా ఫ్యానును జోరుగా తిప్పుతుంది. 120 చదరపు అడుగుల గదికి ఒక టన్ను సరిపోతుందంటారు గాని, పైన డాబా, పడమటి గోడ వున్న గదికి ఒకటిన్నర వుంటే నెమ్మది మీద పని జరుగుతుంది. జల్లెడ నిండా దుమ్ము పేరుకున్నా హోరు పెరుగుతుంది గనుక వేసవిలో రెండు వారాలకోసారి కడుక్కోవాలి.

ధడేలుమనడం పాతరకం కంప్రెసరుది. అది ఆగితే పూర్తిగా ఆగుతుంది, లేస్తే ఒక్కసారిగా లేస్తుంది. ఎడతెగని చప్పుడుకు చెవి అలవాటు పడుతుంది గాని, ఉన్నట్టుండి మారేదానికి ఉలిక్కిపడుతుంది. ఇన్వర్టర్ రకం ఆగిపోకుండా వేగం తగ్గించుకుని నడుస్తుంది. ధర ఎక్కువైనా పడకగదికి అదే మేలు.

కిటకిట ప్లాస్టిక్ మూతది; చల్లబడి ముడుచుకునేటప్పుడు అంటుంది. సలసల గొట్టంలో పారే గ్యాసుది. ఈ రెండింటికీ భయపడనక్కర లేదు. టపటప మాత్రం అశ్రద్ధది. నీటి గొట్టానికి సరైన వాలు ఇవ్వకపోతే లోపల గోడ మీదా, బాగా ఇచ్చి ఎవరి రేకుల మీదికో వదిలితే బయటా మోగుతుంది.

ఇక గోడ అవతలికి పోయిన కంప్రెసరు సంగతి. స్ప్లిట్ ఏసీ చప్పుణ్ణి చంపదు, బయటికి తోలుతుంది. చప్పుడుతోపాటు మన గదిలోని వేడినీ, తాను తిన్న కరెంటు వేడినీ కూడా అక్కడే కుమ్మరిస్తుంది. మెకానిక్ వచ్చి సందువైపు గోడ చూపించి, "ఇక్కడైతే గొట్టం ఖర్చు కలిసొస్తుందండీ" అన్నాడు. సందుకు అవతల రెండు బారల దూరంలో పక్కింటి పెద్దాయన కిటికీ. ఆయనకు ఏసీ లేదు. ఆ కిటికీ తెరుచుకునే నిద్రపోతారు. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల్లో నివాస ప్రాంతాలకు రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు పెట్టిన హద్దు 45 డెసిబెల్సు. బయటి పెట్టెలు దగ్గరలో 50 దాటడం వింత కాదు. నిబంధనల మాట అలా వుంచి, మా అత్తగారి ఊపిరి నాకు వినపడాలని ఇంత తిరిగినదాన్ని, ఆ పెద్దాయన చెవి దగ్గర మోత ఎలా పెట్టను? గొట్టం ఖర్చు ఎక్కువైనా రెండు పెట్టెలూ డాబా మీదికి ఎక్కించాం. పడకగదుల నడినెత్తిన కాకుండా వంటింటి వైపు, కాళ్ల కింద రబ్బరు దిమ్మలు వేయించాం. లేకపోతే ఆ అదురు శ్లాబు గుండా కిందికి దిగుతుంది. ఒకప్పుడు మా మంచాలు వేసుకున్న చోట ఇప్పుడు అవి కూర్చున్నాయి.

చివరికి మధ్య తలుపు. రెండు గదులూ చల్లగానే వున్నప్పుడు మధ్య తలుపు తెరిచి వుంచితే పోయే చల్లదనం ఏమీ లేదు. రెండు సమానమైన చప్పుళ్లు ఒకచోట కలిసినా పెరిగేది 3 డెసిబెల్సే. 2020 జనవరి నుంచి వచ్చిన నక్షత్రాల ఏసీలు వేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలవుతాయి. మేము 26కు మార్చి, పైన ఫ్యానును నెమ్మదిగా తిప్పుతాం. యంత్రానికి పని తగ్గి ఇంకా అణకువగా వుంటుంది. అత్తగారి తలగడ పక్కన ఒక కాలింగ్ బెల్లు మీట కూడా పెట్టాం గాని, చక్కెర పడిపోయిన మనిషికి మీట నొక్కాలని తోచకపోవచ్చు. నోటికి అలవాటైన పిలుపే ముందు వస్తుంది.

బిగించిన రాత్రి పదకొండు గంటలకు రెండూ వేసి, దీపాలు తీసి, "ఒకసారి మెల్లిగా ఏదైనా అనండి అత్తయ్యా" అన్నాను.

"ఏమనను?"

"ఏదైనా. గొంతు బాగా తగ్గించి అనండి."

కాసేపు ఏమీ లేదు. తర్వాత చీకట్లోంచి, "పాలు తోడేశావా?" అని సన్నగా వినవచ్చింది.

"వేశానండీ" అన్నాను. అటువైపు మంచం కిర్రుమంది. పక్కకు తిరిగి పడుకున్నారు కాబోలు. మావారికి హోరు లేక ఇంకా నిద్ర సరిగా పట్టడం లేదు. కరెంటు బిల్లు వచ్చాక ఆ కాస్తా కూడా పట్టదేమో చూడాలి.