పెద్దనాయకన్‌పేటలో తెలుగు మాట

చెన్నపట్నంలో పాత పట్టణాన్ని నేడు జార్జిటౌన్ అంటున్నారు. ఐదవ జార్జి చక్రవర్తి పేరిట వచ్చిన పేరది. అంతకు ముందు దొరలు దానిని నల్లవారి పట్టణమన్నారు. ఈ రెండు పేర్లకూ అడుగున మరి రెండు పాత పేర్లున్నాయి. బ్రాడ్వే వీధికి తూర్పున ముత్యాలపేట, పడమర పెద్దనాయకన్‌పేట. కుంపిణీ కాలంలో పట్టణపు కావలిని వంశపారంపర్యంగా చూచిన అధికారిని పెద్దనాయకుడనేవారు. ఆయన పేరనే ఈ పేట. తమిళ సోదరులు నిత్యం పలికే ఈ పేరులో ‘పెద్ద’ అనే మన విశేషణం ఇంతకాలమైనా ‘పెరియ’ కాలేదు. వ్యాకరణం చదువుకున్నవాడికి ఇటువంటి చిన్న సంగతులే పెద్ద సంతోషాన్నిస్తాయి.

ఈ పేటలోని ఒక పాఠశాలలో సుమారు ముప్పది సంవత్సరాలు నేను తెలుగు పండితుడిగా పనిచేశాను. అందువల్ల ఈ వీధులు నాకు చరిత్ర పుస్తకాల కంటె ముందు కాళ్ళకు తెలుసు.

పేర్ల సంగతి మొదట ముగిస్తాను. 1639లో కుంపిణీవారికి ఈ తీరాన కోట కట్టుకొనే అనుమతినిచ్చినవారు దామెర్ల వారు. వారి తండ్రి చెన్నప్ప నాయకుని పేర పట్నానికి చెన్నపట్నమని పేరు వచ్చిందని ప్రసిద్ధి. వారి తరువాత వర్తకులు, ద్విభాషులు వచ్చారు. దొరకూ నేతగానికీ మధ్య రెండు భాషలలో మాట్లాడి బ్రతికినవాడు ద్విభాషి. ఇంగ్లీషువారి నోట అది ‘దుబాషు’ అయింది. సుంకురామ చెట్టి వీధి, గోవిందప్ప నాయకన్ వీధి, నైనియప్ప నాయకన్ వీధి, లింగిచెట్టి వీధి, తంబుచెట్టి వీధి - ఆ కాలపు కుంపిణీ కాగితాలను తిరగవేస్తే ఇటువంటి పేర్లే కనబడతాయి. అలాగని ఇది మన సొంత ఊరని నేను అనను. పగడాల వర్తకుల వీధి యూదుల జ్ఞాపకం. ఆర్మీనియను వీధిలో 1772 నాటి వారి చర్చి నేటికీ ఉంది. షావుకారుపేట నిండా మార్వాడీలు, గుజరాతీలు. ఈ పట్టణం ఏనాడూ ఒక్కరిది కాదు. 1950ల ఆరంభంలో ‘మద్రాసు మనదే’ అని నినదించిన పెద్దల ఆవేదనను నేను అర్థం చేసుకోగలను గాని, తెల్లవారుజామున నాలుగింటికి పెద్దనాయకన్‌పేటలో నిలబడి చూచినవాడెవడూ ఆ మాట నోరారా అనలేడని నా అభిప్రాయం.

ఆ వేళకు గోడౌన్ వీధిలో బట్టల మూటలు దిగుతుంటాయి. (ఈ గోడౌన్ అనే మాట మలయా భాష ద్వారా ఇంగ్లీషుకు పోయినా, దాని మూలం మన గిడ్డంగి, తమిళుల కిడంగు కావచ్చునని నిఘంటుకారులు అంటారు. మన ఇంటి బిడ్డే దొరల టోపీ పెట్టుకొని తిరిగివచ్చిందన్నమాట.) మూడు చక్రాల తొక్కుడు బండిని ఇక్కడ మీన్‌బాడీ బండి అంటారు. దానిమీద మనిషి ఎత్తుకు మించిన సరకు వేసుకొని, ఎదురుగా ఏమున్నదీ కనబడకుండానే, నోటితో దారి చేసుకుంటూ తొక్కుతారు. ఆ నోటినుండి వచ్చే మాటలు ఒక తమిళం, ఒక తెలుగు, ఒక హిందీ. నైనియప్ప నాయకన్ వీధిలో రసాయనాల ఘాటు, పూల అంగళ్ళ వైపు తిరిగితే తడి మల్లెల వాసన. కూరగాయల టోకు వ్యాపారం 1996లో కొత్వాలు చావడి నుండి కోయంబేడుకు తరలిపోయింది. పూలలో కొంత మాత్రం తరలనని మొండికేసి ఇక్కడే నిలిచిపోయింది. పూలమ్మే అవ్వ మోచేతి నుండి వేలికొన దాకా మూర కొలుస్తుంది. పొట్టి చేతుల అవ్వ వద్ద ఎవరూ కొనరేమోనని ఒకసారి నేను పరిహాసమాడితే, “చెయ్యి పొట్టిదైతే ఏమి సార్, కొసరు పొడుగుగా ఏస్తా ఉండాను గదా” అన్నది. ‘ఉండాను’ అనే ఆ రూపం విని ముఖం చిట్లించే పండితులున్నారు. నెల్లూరు, చిత్తూరు సీమల నుండి పట్నానికి వచ్చి కొన్ని తరాలు నిలిచిన రూపమది. దానికి ఎవరూ బడి పెట్టలేదు, పాఠ్యపుస్తకం వ్రాయలేదు. అయినా నిలిచింది.

బడి పెట్టి, పుస్తకం వ్రాసి నిలబెట్టిన తెలుగు కూడా ఇక్కడిదే. పరవస్తు చిన్నయసూరిగారు పచ్చయప్ప పాఠశాలలో పనిచేసినవారు. గ్రీకుల దేవాలయపు నమూనాలో కట్టిన పచ్చయప్ప మందిరపు స్తంభాలు, ఎదుట అంగళ్ళు ఎంత అడ్డగించినా, నేటికీ కనబడతాయి. మన ఇళ్ళలో పాత పుస్తకాల పెట్టె తెరిస్తే కనబడే ‘వావిళ్ళ రామస్వామి శాస్త్రులు అండ్ సన్స్, చెన్నపురి’ అన్న ముద్ర ఈ చుట్టుపట్ల నుండి వచ్చిందే. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు ఆంధ్రపత్రికను 1914లో దినపత్రికగా వెలువరించినది తంబుచెట్టి వీధి నుండి. ఒకనాడు ఆంధ్రదేశమంతా ఏ అక్షరాలు చదివినా అవి ఈ రెండు మూడు వీధులలో సీసంలో పోతపోసుకొని వెళ్ళినవే అంటే పెద్ద అతిశయోక్తి కాదు.

నేడు అక్కడ మాట మిగిలింది, అక్షరం పోయింది. నేను చెప్పదలచుకున్నది ఇదే.

ఎలా పోయిందో దాచకుండా చెప్పాలి. 2006లో తమిళనాడు ప్రభుత్వం తమిళ అధ్యయన చట్టం చేసింది. ఆ విద్యాసంవత్సరం ఒకటవ తరగతిలో మొదలై, ఏడాదికొక తరగతి చొప్పున పైకి పాకి, 2015-16 నాటికి పదవ తరగతిని చేరింది. భాషాల్పసంఖ్యాకులు న్యాయస్థానాలకు వెళ్ళి మినహాయింపులు తెచ్చుకొన్నారు. కాని చట్టం మీదనే నేరమంతా మోపితే నా మనస్సు ఒప్పదు. ఉంటున్న నేల భాష నేర్వవలసిందే. అదీగాక మా పిల్లలు తెలుగు వదలడం చట్టానికి ఎంతో ముందే మొదలైంది. నేను ఉద్యోగంలో చేరిన ఏడు తరగతిలో బల్లలు చాలక కొందరు నేలమీద కూర్చునేవారు. చట్టం వచ్చేనాటికే సగం బల్లలు ఖాళీ. తండ్రులు వచ్చి, “ఇంట్లో మాట్లాడతారు గదా అయ్యవారూ, వ్రాయడమెందుకు” అని మర్యాదగా చెప్పి, ఇంగ్లీషు బడికి మార్చుకొని వెళ్ళేవారు. నేను విరమించేనాటికి పిల్లలందరికీ ఒక్క బల్ల చాలింది.

‘వ్రాయడమెందుకు’ అన్న ప్రశ్నకు సమాధానం నాకు చాలాకాలం తరువాత ఆండర్సన్ వీధిలో దొరికింది. అది కాగితాల వీధి. పెళ్ళి కార్డులకు ప్రసిద్ధి. ఆషాఢంలో తప్ప అక్కడ కాలు పెట్టడానికి చోటుండదు. ఒక దుకాణంవారు తెలుగు శుభలేఖలు వచ్చినప్పుడు దిద్దిపెట్టమని నన్ను పిలుస్తుంటారు. కాఫీ ఇస్తారు, దక్షిణ ఇవ్వబోతే నేను పుచ్చుకోను.

రెండేళ్ళ క్రిందట ఒక ఉదయం వెళ్ళేసరికి ఆడపిల్ల తండ్రి, ఆయన తల్లి అక్కడ కూర్చుని ఉన్నారు. వారిది బియ్యం వ్యాపారం. తండ్రి కార్డులో ఉండవలసిన మాటలన్నీ చక్కని తెలుగులో చెప్పగలడు గాని తెలుగు లిపి రాదు. అందుచేత తమిళ లిపిలో వ్రాసి తెచ్చాడు. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకే అక్షరమని మీకు తెలుసు. దానిని కంప్యూటరు మీద కూర్చిన కుర్రవాడికి తెలుగు రాదు. చూచింది చూచినట్లు అక్షరానికి అక్షరం తెలుగులోకి దింపాడు. ‘శుభలేఖ’ ‘సుపలేక’ అయింది. ‘భగవంతుని కృప’ ‘పకవంతుని కిరుప’ అయింది. ‘బంధుమిత్రులు’ ‘పంతుమిత్తిరులు’ అయినారు. నవ్వు ఆపుకోవడం కష్టమే. అయినా కలం తీసి దిద్దుతుంటే నాకు మెల్లగా నవ్వు పోయింది. ఆ తండ్రి నోట ‘భగవంతుడు’ సలక్షణంగా ఉన్నాడు. కాగితం మీదికి వచ్చేసరికి వాడి ఊపిరి పోయింది. మహాప్రాణాలు పోవడమంటే ఇదే కదా!

దిద్దడం అయిన తరువాత తండ్రి ఒక మాట అన్నాడు. “సార్, ఈ తెలుగు పక్క తీసేస్తే కార్డు ఒక మడత తగ్గుతాది. మా చుట్టాల్లో దీన్ని చదివేవాళ్ళు నలుగురు కూడా లేరు. తమిళం, ఇంగ్లీషు చాలవా?”

లెక్కగా చూస్తే అతడు చెప్పింది సబబే. నేను సమాధానం వెతుక్కుంటూ ఉండగా ముసలామె కొడుకు చేతిలోనుంచి కార్డు తీసుకుంది. తలక్రిందులుగా పట్టుకుంది, ఆమెకు చదువు రాదు. “నా పెండ్లి పత్రిక ఈ అచ్చరాల్లోనే ఏసినారు. మా నాయన చదివి వినిపించినాడు. నాకు రాకపోతే పోనీ, నీకు రాకపోతే పోనీ, అవి ఉండనీరా. ఇంట్లో పెద్దోళ్ళు కండ్లు కనపడకపోయినా కూర్చోబెడతాం గదా” అన్నది.

కొడుకు మారు పలకలేదు. మడత అలాగే ఉంది. పసుపు పూసిన ఆ కార్డు ఒకటి నా వద్ద ఉంది.

ఈ పేటకు సంబంధించి ఇటీవలి మాట మరొకటి ఉంది. వీధుల పేర్లలో కులాన్ని సూచించే పదాలు తొలగించాలని 2025 అక్టోబరులో తమిళనాడు ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. 1970ల చివర కూడా ఇటువంటి ప్రయత్నం జరిగింది. దీనిమీద మా వారిలో కొందరు, మన ఆనవాళ్ళు చెరిపేస్తున్నారని ఆవేశపడుతున్నారు. నేను వారితో ఏకీభవించను. ఇదే పట్టణంలో 1707లో కుడిచేతి కులాలు, ఎడమచేతి కులాలు ఏ వీధిలో ఎవరి పెళ్ళి ఊరేగాలని కొట్టుకొంటే, థామస్ పిట్ దొర పెద్దనాయకన్‌పేట వీరికి, ముత్యాలపేట వారికి అని పంచిపెట్టవలసి వచ్చింది. ఆ పంపకం తలచుకొని గర్వించవలసిందేమీ లేదు. ‘నాయకన్’ పోయినా గోవిందప్ప ఉంటాడు. ఆ ‘అప్ప’ చాలు. కాని వట్టి గోవిందప్ప ఎవరని రేపు పిల్లవాడు అడిగితే చెప్పేందుకు ఆ వీధిలో నాలుగు వాక్యాల ఫలకమైనా ఉండాలని నా కోరిక. తమిళంలో ఉన్నా సరే.

పురటాసి మాసం వచ్చిందంటే ఈ వీధుల ముఖమే మారిపోతుంది. తిరుమల బ్రహ్మోత్సవాలకు గొడుగులు ఇక్కడి చెన్నకేశవ పెరుమాళ్ళ సన్నిధి నుండే బయలుదేరుతాయి. ఆ గుడి మొదట హైకోర్టు ఉన్న చోట ఉండేది. ఫ్రెంచివారి భయంతో 1757 ప్రాంతంలో కుంపిణీవారు దానిని పడగొట్టి, బదులు స్థలమిస్తే దేవరాజ మొదలి వీధి వద్ద మళ్ళీ వెలసింది. వెదురు కామలు, తెల్లని పట్టు, బంగారు రంగు కలశాలతో మేడల ఎత్తున గొడుగులు కదులుతుంటే, మార్వాడీ ఆడవారు మిద్దెలమీద నుండి పూలు చల్లుతారు, మీన్‌బాడీ బండ్లవారు చెప్పులు విప్పి నిలబడతారు. ఏనుగు కవని దాటే వేళ రద్దీలో మనిషి తనంత తాను నడవడు, జనమే నడిపిస్తుంది. అక్కడి నుండి తిరువళ్ళూరు మీదుగా నడిచి నడిచి గరుడసేవ నాటికి కొండ చేరతాయి. రాష్ట్రాలు విడిపోయి ఇన్నేళ్ళయినా ఆ గొడుగులకు సరిహద్దు అడ్డురాలేదు.

నిరుడు ఆ ఊరేగింపులో ఆండర్సన్ వీధి కార్డుల కుర్రవాడు కనబడ్డాడు. భుజంమీద కూతురు. అతడిది తమిళ ఇల్లు, నాకు చుట్టరికమేమీ లేదు. “సార్, ఆ బ, భ సంగతి నాకు కొంచెం నేర్పిస్తారా? ప్రతిసారీ మిమ్మల్ని పిలిపించడం కష్టంగా ఉంది” అని తమిళంలో అడిగాడు. వ్యాపారానికే అడిగాడు, భాషాభిమానంతో కాదు. నాకు అదే నచ్చింది. ఇప్పుడు ఆదివారాలు ఉదయం దుకాణం తీయకముందు గంటసేపు కూర్చుంటున్నాము. బియ్యం వ్యాపారి మనుమడు ఒకడు కూడా వస్తున్నాడు. వాడికి మాట వచ్చు గాని అక్షరం రాదు. ఇతడికి అక్షరం పట్టుబడుతున్నది, మాట రాదు. ఒకరి తప్పులు ఒకరు దిద్దుకుంటున్నారు. గుణింతాలు అయినాయి. వచ్చే వారం ఒత్తులు.