పావు ఇంచు దగ్గర బోల్తా పడ్డా!

అమ్మమ్మ పోయి ఏడాదైంది. ఆమె గుర్తుగా మా దగ్గర మిగిలింది ఒకే ఒక్క నూలు చీర. అక్కకి నెలలు నిండుతున్నాయి. ‘పుట్టబోయే బిడ్డకి ఈ చీరతోనే బొంత కుడతా’ అని ఇంట్లో అందరి ముందూ గొప్పగా చెప్పేశా.

అమ్మమ్మ బొంత కుట్టడం చిన్నప్పుడు చూశా. పాత చీరలు పొరలు పొరలుగా పరిచి, సూదీ దారంతో పొడుగ్గా కుట్టుకుంటూ పోయేది. టేపుతో పనే ఉండేది కాదు. నాకేమో ఫోన్లో చూసిన చదరంగం గళ్ల మోడల్ కావాలి!

చీర చాలావరకు చిరిగింది, పలచబడింది. గట్టిగా ఉన్నచోట కోస్తే 5 ఇంచుల ముక్కలు 32 వచ్చాయి. ఇంకో 32 తెల్లబట్టవి. వరసకి 8 చొప్పున 8 వరసలు. ప్రతి అతుకుకీ పావు ఇంచు లోపలికి వదిలి కుట్టాలి.

మొదటి 4 వరసలకి బట్టని మిషన్ ఫుట్ అంచుకి ఆనించి కుట్టేశా. అదే పావు ఇంచు అనుకున్నా. మర్నాడు మిగతా 4 వరసలకి పెన్సిల్‌తో గీతలు గీసుకుని, గీతకి కాస్త ఇవతల, బట్ట అంచు వైపు కుట్టా. తీరా పక్కపక్కన పెడితే మొదటివి దాదాపు ఇంచు పొట్టి! లాగి కలపబోతే కుచ్చులొచ్చాయి.

ఎదురింటి టైలర్ ఆంటీకి చూపించా. స్కేలు పెట్టి నవ్వింది. ‘‘నీ ఫుట్ అంచు పావు కాదే, పదహారో వంతు ఎక్కువుంది. అతుక్కి రెండు ముక్కలు, వరసకి ఏడు అతుకులు. లెక్కేసుకో!’’

వేశా. 14 సార్లు పదహారో వంతు... ముప్పావు ఇంచు దాటింది.

ఆంటీ సూది కిందకి దించి, మొన కింద స్కేలు మీది పావు ఇంచు గీత వచ్చేలా పెట్టింది. స్కేలు అంచు వెంట మాస్కింగ్ టేపు మూడు పొరలు అంటించింది. ‘‘సూదిని చూడకు, బట్ట అంచు టేపుకి తగులుతూ పోతోందో లేదో చూడు’’ అంది. ముందు పనికిరాని బట్ట మీద పరీక్ష. ఒకటిన్నర ఇంచు పట్టీలు మూడు అతికి ఇస్త్రీ చేస్తే, మధ్య పట్టీ సరిగ్గా ఇంచు రావాలి. నాది కొంచెం తగ్గింది. మడత దగ్గర కూడా కాస్త బట్ట పోతుందట. టేపుని వెంట్రుకవాసి సూది వైపు జరిపితే సరిపోయింది. పెన్సిల్ వరసలు ఎందుకు కుదిరాయో అప్పుడర్థమైంది.

ఇక విప్పడం. 28 అతుకులు, రెండు రాత్రులు. మూడు నాలుగు కుట్లకి ఒకటి తెంపి, అవతల దారం లాగుతూ పోయా. చివర్లో తొందరపడ్డా. అమ్మమ్మ చీర ముక్క ఒకటి పర్రుమని చిరిగింది. ఇంకో ముక్క లేదు. అక్కడ తెల్లబట్టే వేశా.

బిడ్డ పుట్టాక బొంత తీసుకెళ్లా. గళ్ల మూలలన్నీ చక్కగా కలిశాయి. అక్క మాత్రం సరిగ్గా ఆ తెల్లగడి మీదే వేలు పెట్టి ‘‘ఇదేంటే?’’ అంది.

దాచకుండా చెప్పేశా. అక్క ఏమీ అనలేదు. పాపని తీసి సరిగ్గా అక్కడే పడుకోబెట్టింది.