జీనులో కాదు... జేబులో!

'రౌతు కొద్దీ గుర్రం' అన్నది మన సామెత. అమెరికాలోని మోంటానా కొండల్లో చలికాలం స్వారీకి బయల్దేరేవాళ్లు మాత్రం దాన్ని తిరగేసి చదువుకోవాలి. అక్కడ డిసెంబరులో గుర్రం కొద్దీ రౌతు! అది బాగుంటేనే మనిషి ఇల్లు చేరేది.

రాకీ పర్వతాల్లో ఉన్న రాష్ట్రం అది. చలికాలంలో మైనస్ 10, మైనస్ 20 డిగ్రీలు అక్కడ వింతేం కాదు. అయినా జనం గుర్రాలెక్కి కొండదారులు పడతారు. పశువుల్ని చూసుకోవడానికి వెళ్లక తప్పనివాళ్లు కొందరు. మంచు మీద జింకల అడుగుజాడలూ, ఆ నిశ్శబ్దమూ ఇష్టమై వెళ్లేవాళ్లు ఇంకొందరు. ఎవరైనా సరే, దారి పొడవునా ఊరుండదు. చాలాచోట్ల ఫోనుకి సిగ్నలూ ఉండదు.

చెమటే శత్రువు

చలికి మనిషి వణికినంతగా గుర్రం వణకదు. చలికాలం రాగానే దాని ఒంటి మీద దట్టంగా బొచ్చు పెరుగుతుంది. చలేసినప్పుడు ఆ వెంట్రుకలు నిక్కబొడుచుకుని మధ్యలో గాలిని పట్టి ఉంచుతాయి. అదే దానికి రగ్గు. తిన్న ఎండుగడ్డి పేగుల్లో పులుస్తూ లోపలినుంచి వేడి పుట్టిస్తుంది. అదే దానికి కుంపటి!

తడిస్తే మాత్రం ఆ రగ్గు పనిచేయదు. అందుకే చలికాలంలో దౌడు తీయించరు, నడిపిస్తారు. పరుగెత్తితే చెమట పడుతుంది. అంత దట్టమైన బొచ్చు ఓ పట్టాన ఆరదు. పొద్దుగూకేసరికి అదే గడ్డకట్టే చలిగా మారుతుంది. ఇంటికొచ్చే ముందు చివరి కిలోమీటరైనా నెమ్మదిగా నడిపించడం తప్పనిసరి.

నీళ్ల సంగతీ అంతే. గుర్రానికి రోజుకి 20 నుంచి 40 లీటర్ల నీళ్లు కావాలి. మరీ చల్లగా ఉంటే తక్కువ తాగుతుంది. అప్పుడు పేడ గట్టిపడి పేగులకు అడ్డుపడుతుంది. ఒక్కోసారి ఆ కడుపునొప్పే ప్రాణం తీస్తుంది. మంచు తిని దాహం తీర్చుకుంటుందిలే అనుకోవడానికి లేదు. బయల్దేరే ముందు గోరువెచ్చటి నీళ్లు పెడితే ఇష్టంగా తాగుతుంది. ఇంకోమాట... చలికి బిగుసుకున్న ఇనుప కళ్లేన్ని అలాగే నోట్లో పెట్టకూడదు. రెండు అరచేతుల మధ్యా వేడిచేసి పెట్టాలి.

కాళ్లకింద గడ్డలు

మెత్తటి మంచులో నడుస్తుంటే నాడా లోపల మంచు చేరుతుంది. కాస్త కరిగి, మళ్లీ గడ్డకట్టి ఉండలా తయారవుతుంది. దాంతో గుర్రం నడక ఎత్తుమడమల చెప్పులేసుకుని నాపరాళ్ల మీద నడిచినట్టే! అందుకే కొందరు ఆ నాలుగు నెలలూ నాడాలు తీయించేస్తారు. కొందరు లోపల మంచు నిలవకుండా ప్లాస్టిక్ బిళ్లలూ, జారకుండా నాడాకి మేకులూ వేయిస్తారు. డెక్కల్ని శుభ్రంచేసే కొక్కెం మాత్రం అందరి దగ్గరా ఉండాల్సిందే. మంచు కింద ఏ ముళ్లకంచె ఉందో, ఏ గొయ్యి ఉందో కనిపించదు. గడ్డకట్టిన వాగు సంగతి సరేసరి. గుర్రం, జీను, మనిషి కలిపి అయిదొందల కిలోలకు పైబడిన బరువుని ఆ మంచుపలక మోస్తుందో లేదో పైనుంచి చూసి చెప్పలేం. అందుకే చుట్టూ తిరిగి వెళ్లడమే మేలు.

గుర్రం వెళ్లిపోతే...

అసలు ప్రమాదం వేరే ఉంది. గుర్రం పుట్టుకతోనే బెదురు జంతువు. చెట్టుకొమ్మ మీదనుంచి మంచు దభాలున పడినా చాలు, ఉలిక్కిపడి రౌతుని కింద పడేసి పరుగందుకుంటుంది. ఇంటిదారి దానికి తెలుసు. మరి మనిషి? తిండీ, అగ్గిపెట్టే, ఫోనూ అన్నీ జీను సంచిలోనే ఉంటే వాటితో సహా అది వెళ్లిపోయినట్టే!

అందుకే అనుభవజ్ఞులు పాటించే మొదటి సూత్రం... ప్రాణం కాపాడేవేవీ జీనుకి కట్టకూడదు, ఒంటి మీదే ఉండాలి. తడవని అగ్గిపెట్టె, చాకు, టార్చి, ఈల, మడిస్తే గుప్పిట్లో ఇమిడే రేకు దుప్పటి- ఇవి కోటు జేబుల్లో ఉండాలి. ఈల మూడుసార్లు ఊదితే ఆపదలో ఉన్నట్టు. ఫోను లోపలి చొక్కా జేబులో, ఒంటి వెచ్చదనం తగిలేచోట ఉండాలి. లేకపోతే చలికి బ్యాటరీ నీరసిస్తుంది. సిగ్నల్ లేనిచోట నేరుగా ఉపగ్రహానికి కబురంపే పరికరాలు ఇప్పుడు దొరుకుతున్నాయి. జీనుకి మాత్రం పేరూ ఫోను నంబరూ రాసిన బిళ్ల కట్టాలి. ఖాళీ జీనుతో గుర్రం ఎవరికైనా కనబడితే, దాని మనిషి ఎక్కడో మంచులో ఉన్నాడని తెలుస్తుంది.

బట్టల విషయంలో నూలు పనికిరాదు. చెమటని పీల్చుకుని వదలదు. ఉన్ని తడిసినా కాస్త వెచ్చగానే ఉంచుతుంది. బూట్లు మరీ లావైతే రికాబులో ఇరుక్కుంటాయి. పడితే గుర్రం ఈడ్చుకుపోతుంది. కాళ్లు తిమ్మిరెక్కితే దిగి, పగ్గం పట్టుకుని కాసేపు నడవడమే మందు.

ఒంటరిగా వెళ్లకూడదనడానికీ కారణముంది. ఒంటి వేడి 35 డిగ్రీల కంటే తగ్గితే మాట ముద్దగా వస్తుంది, చేతులు తడబడతాయి, బుద్ధి మందగిస్తుంది. చివరికి వణుకు కూడా ఆగిపోతుంది. తనకేదో అవుతోందని ఆ మనిషికే తెలియదు. పక్కనున్నవాళ్లే గమనించాలి.

ఎటు వెళ్తున్నారో, ఎన్నింటికి వస్తారో ఇంట్లో చెప్పి వెళ్లాలి. డిసెంబరులో అక్కడ సాయంత్రం అయిదు కాకముందే సూర్యుడు అస్తమిస్తాడు. అందుకే మధ్యాహ్నం తిరిగి చూసుకుని, మంచు పెరుగుతున్నా, గుర్రం అలసినా, దారి ఎంత బాగున్నా వెనక్కి మళ్లాలి. కొండ ఎక్కడికీ పోదు!