పట్టినంత మాత్రాన

“బ్యాంకువాడికి తూటాల గొడవ ఎందుకయ్యా?” అని మిత్రులు నవ్వుతుంటారు. బ్యాంకు తలుపు దగ్గర నిలబడే గార్డు భుజాన తుపాకి ఉంటుందన్న సంగతి వాళ్లకు గుర్తుండదు. నగదు, తాళాలతో పాటు ఆ తూటాల లెక్క కూడా మా బ్రాంచి రిజిస్టర్లలో ఒకటి. బి.కాం. చదివిన నాకు తుపాకి పాఠాలు చెప్పింది మా గార్డే. కరీంనగర్ జిల్లావాడు. ఫౌజు నుంచి వచ్చాక మా వర్లి చాళ్లలోనే కాపురం.

ఒకసారి కొత్త తూటాల పెట్టె వచ్చింది. ఆయన ఒకటి తీసి తుపాకిలో పెట్టాడు. నున్నగా దిగింది. అయినా తీసి బల్లమీద పెట్టేశాడు.

“పడుతున్నది కదా?” అన్నాను.

“పడుతది సార్. పేలినంకనే పట్టది.”

గొట్టం కింద చెక్కిన అంకె చూపించాడు. అది పాత ఇంగ్లీషు తుపాకి, తూటా కూర్చునే గది 65 మిల్లీమీటర్లు. పెట్టె మీద 70 అని ఉంది. పన్నెండు బోరు తూటా మూతి మడిచి ఉంటుంది. పైన రాసేది మడత విప్పుకున్న తర్వాతి పొడవు. అందుకే పేలకముందు పొట్టి గదిలోనూ ఇమిడిపోతుంది. పేలినప్పుడు మడత విప్పుకోవడానికి చోటుండదు. గుండ్ల దారి ఇరుకై లోపలి పీడనం పెరుగుతుంది. గొట్టం పగిలినా పగలవచ్చు.

రైఫిలుకు ఈ కొలతలు రెండు. తూటా మొత్తం పొడవు మ్యాగజైనులో ఇమడాలి. గదిలోకి వెళ్లాక గుండు ముక్కు గొట్టంలోని గాళ్లకు గుచ్చుకోకూడదు. విదేశాల్లో తూటాలు స్వయంగా కూర్చుకునే వేటగాళ్లు మందు లేని ఉత్తి తొడుగులో గుండు వదులుగా పెట్టి, బోల్టు మూసి, మెల్లగా తీసి కొలుస్తారు. ఈ రెండు హద్దుల్లో ఏది తక్కువైతే దానికి లోబడాలి. గుండు గాళ్లలో ఇరుక్కుంటే, పేల్చని తూటా బయటికి లాగినప్పుడు గుండు గొట్టంలోనే ఉండిపోయి మందు ఒలికిపోతుంది. 1960లలో ఇషాపూర్ కర్మాగారం పాత లీ ఎన్‌ఫీల్డ్ నమూనాను 7.62 తూటాకు మార్చినప్పుడు మ్యాగజైను కూడా కొత్తగా చేయవలసి వచ్చింది. పాత .303 తూటా సుమారు 78 మిల్లీమీటర్లు, కొత్తది 71.

మిల్లుల్లో పనిచేసిన మన పద్మశాలి పెద్దలకు ఇది కొత్త ముచ్చట కాదు. నూలు ఎక్కువ చుట్టిన కండె కూడా నొక్కితే నాడెలో దూరుతుంది. మగ్గం నడిచినప్పుడు కదా దారం గోడలకు రాసుకుని తెగేది! మా లెక్కల్లోనూ అంతే. ట్రయల్ బ్యాలెన్సు రెండు వైపులా కలిసినంత మాత్రాన పద్దులన్నీ సరైనవని కాదు. ఒక తప్పును ఇంకో తప్పు కప్పేసి ఉండవచ్చు.

తూటాలు పంపినవారికి రాస్తే, “పన్నెండు బోరు అడిగారు, పన్నెండు బోరే పంపాం” అన్నారు. లావు సరే, పొడవు మాటేమిటని మళ్లీ రాసి పెట్టె వాపసు పంపాం. మార్చి పంపేదాకా మిగిలిన పాత తూటాలతోనే ఆయన తలుపు దగ్గర నిలబడ్డాడు.

ఇంత పట్టింపు ఎందుకని బ్రాంచిలో ఒకరిద్దరు గొణిగారు. ఆ తుపాకి పేలితే, దాని వెనక ఉండేది మన ముఖం కాదు, ఆయన ముఖం.