శొంఠి వేసిన ఆపిల్ పై

మా చిన్నప్పుడు శాంతిపురంలో ఆపిల్ అంటే జ్వరమొచ్చినవాళ్ళ పండు. నాయనకో, అన్నకో జ్వరమొస్తే కుప్పం నుంచి రెండు ఆపిళ్ళు వచ్చేవి. అమ్మకొస్తే మాత్రం శొంఠీ మిరియాలూ దంచిన కషాయం. అదీ తనే కాచుకునేది.

మొన్న ఆ రెండింటినీ కలిపి ఆపిల్ పై చేశాను. మైదాలో చల్లటి వెన్న కలిపి అరగంట పక్కన పెట్టాను. నాలుగు ఆపిళ్ళు తరిగి బెల్లం, శొంఠి, మిరియాలు, ఒక ఎండుమిరపకాయ పొడి వేశాను. ఓవెన్ లేదు. ఇసుక పోసిన పాత అల్యూమినియం గిన్నెలో గంటసేపు పెట్టాను. పైన రంగు రాలేదు గానీ అడుగు కరకరలాడింది.

1381 నాటి ఇంగ్లండు వంటల సంకలనంలోనే మసాలాలు వేసిన ఆపిల్ పై ఉంది. అందులోనూ కొలతల్లేవు. అయినా అది గ్రంథమైంది. అమ్మ 'చిటికెడు', 'చారెడు' మాత్రం ఉత్త చేతివాటంగానే మిగిలిపోయాయి.

మొదటి ముక్క వేడివేడిగా అమ్మకిచ్చాను.

"మీ నాయనకు పెట్టినావా?"

"నువ్వు తినుమా, చల్లారిపోతాది."

వాకిలి వైపు చూస్తూనే తినింది. తర్వాత, "మిరియాలు రవంత తగ్గించల్ల" అనింది.

ఆ మాటను అమ్మ పేరుతో సహా నోటుబుక్కులో రాసిపెట్టుకున్నాను.