పిల్లర్ నంబర్ల ఊళ్ళో సముద్రం

విశాఖలో సాయంకాలం ఎక్కించుకుని తెల్లారేసరికి నాంపల్లిలో దించే గోదావరి ఎక్స్‌ప్రెస్ 1974 ఫిబ్రవరి 1న పట్టాలెక్కింది. ఉత్తరాంధ్ర ఉద్యోగాలు, పెళ్ళిసంబంధాలు, పోటీపరీక్షల హాల్‌టికెట్లు చాలావరకు దాంట్లోనే హైదరాబాద్ చేరుతూ వచ్చాయి. 2023 సంక్రాంతికి వందేభారత్ వచ్చి పగటిపూటే ఎనిమిదిన్నర గంటల్లో దింపేస్తోంది. అయినా ఊరు మారేవాళ్ళు గోదావరే ఎక్కుతారు. ఇంట్లోవాళ్ళంతా ప్లాట్‌ఫారం మీదకొచ్చి చెయ్యి ఊపడానికి ఆ వేళ అనుకూలం.

పేరుకు కోస్తా రైలే గాని, కిటికీలోంచి సముద్రం ఎక్కడా కనబడదు. దువ్వాడ దాటేసరికి ఒంటిమీద జిడ్డు ఆరిపోతుంది. తునిలో చీకటి. రాజమండ్రి వంతెన మీద నదిలోకి చిల్లర విసిరే చేతులు. విజయవాడలో టీ. కళ్ళు తెరిచేసరికి బేగంపేట.

హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైనే ఉంటుంది. తీరం నుంచి వచ్చినవాడికి ఆ సంగతి మొదట చెప్పేది వంటింట్లో ఉప్పు డబ్బా. విశాఖలో ఉప్పులో నాలుగు బియ్యపుగింజలు వేసినా వానాకాలం వచ్చేసరికి ముద్దకడుతుంది. కిటికీ ఊచలకు ఎన్నిసార్లు రంగు వేసినా తుప్పు పైకి తేలుతూనే ఉంటుంది. ఇక్కడ ఉప్పు ఇసుకలా జారుతుంది. ఉతికిన దుప్పటి మధ్యాహ్నానికల్లా ఆరిపోతుంది. వేయించిన అప్పడాలు మర్నాడు కూడా కరకరలాడతాయి. ఇవన్నీ సుఖాలే, కాదనలేను. తొలకరి పడ్డాక రాత్రిపూట దక్కన్ మీద వీచే గాలి విశాఖలో డబ్బు పోసినా దొరకదు. కాకపోతే పెదవులు పగులుతాయి, తెల్లవారుజామున గొంతు ఎండిపోయి మెలకువొస్తుంది. పగలంతా చెమట పట్టకపోవడం నాకు మాత్రం ఏదో ఆరోగ్యలోపంలాగే అనిపించింది.

దిక్కుల సంగతి ఇంకో గొడవ. విశాఖవాళ్ళకు తూర్పంటే సముద్రం. సీతమ్మధారలో నిలబడ్డా, ఎం.వి.పి. కాలనీలో నిలబడ్డా మనసులో ఒక పక్క నీళ్ళుంటాయి. అటు డాల్ఫిన్స్ నోస్, ఇటు కైలాసగిరి. దారి అడగాల్సిన పని తక్కువ. హైదరాబాద్‌లో ఆటో ఎక్కితే మొదటి ప్రశ్న: "పిల్లర్ నంబర్ ఎంత సార్?" మెహదీపట్నం దగ్గర్నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పొడవున పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే 2009లో తెరిచారు. దాని కింద స్తంభాలకు వేసిన అంకెలే ఆ దారిలో చిరునామాలయ్యాయి. ఆసుపత్రి బోర్డు మీదా, ఫంక్షన్ హాలు శుభలేఖ మీదా "పిల్లర్ నంబర్ ఫలానా ఎదురుగా" అనే ఉంటుంది. 2017లో మెట్రో వచ్చాక అంకెలు ఇంకా పెరిగాయి. ఇంత పెద్ద ఊరు, నిజాంల కాలం నాటి ఇన్ని దర్వాజాలూ గడియార స్తంభాలూ ఉన్న ఊరు, చివరికి కాంక్రీటు స్తంభాన్ని పట్టుకుని దారి వెతుక్కుంటోంది.

తీరం నుంచి కొత్తగా దిగినవాళ్ళని చుట్టాలు మొదట తీసుకెళ్ళేది ట్యాంక్‌బండ్ మీదకే. బీచ్ లేదని బెంగపడకండి, ఇదిగో అన్నట్టు. ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో, 1562 ప్రాంతంలో హుస్సేన్ షా వలీ కట్టించిన చెరువు హుస్సేన్ సాగర్. నడిమధ్యన నిలబడ్డ బుద్ధుడి కథ అందరికీ తెలిసిందే. 1990 మార్చి 10న బల్లకట్టు మీద తరలిస్తుండగా విగ్రహం నీళ్ళలో పడిపోయింది, మనుషులు చనిపోయారు. రెండేళ్ళకు పైగా అడుగున పడి ఉన్నాక పైకి తీసి, 1992 డిసెంబర్ 1న నిలబెట్టారు. చూడ్డానికి బాగుంటుంది. కానీ చెరువు చెరువే. గట్టుకు తగిలే నీటిలో కాళ్ళకింద ఇసుకను లాగేసే బలం లేదు. గాలి తిరిగితే ముక్కు మూసుకోవాలి. సముద్రం లేని లోటు తీర్చుకోవడానికి ఈ చెరువు పక్కనున్న నెక్లెస్ రోడ్డుకు వెళ్ళడం కంటే ఇంట్లో కూర్చోవడం నయం.

అయితే ఈ చెరువును తీసిపారెయ్యడానికి వీల్లేకుండా చేసేది జూలై నెల. ఏటా వానాకాలపు గాలుల్లో ఇక్కడ హైదరాబాద్ సెయిలింగ్ వీక్ జరుగుతుంది. సైన్యానికి చెందిన ఇ.ఎం.ఇ. సెయిలింగ్ అసోసియేషన్, సికింద్రాబాద్ సెయిలింగ్ క్లబ్ కలిసి నడిపే పోటీలు. ఒక్కరే కూర్చుని నడిపే లేజర్ పడవలు, తెల్ల తెరచాపలు, ఎటునుంచి వస్తుందో తెలియని గాలి. యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ బస్తీల పిల్లలకు కూడా తెరచాప పట్టడం నేర్పుతోంది. ఆర్.కె. బీచ్‌లో పుట్టి పెరిగి, రోజూ సాయంత్రం మురీమిక్చర్ తింటూ సముద్రాన్ని చూసిన మాబోటివాళ్ళలో తెరచాప తాడు ముట్టుకున్నవాళ్ళు ఎందరు? ఆ లెక్కలో మా ఊరు ఈ ఊరి ముందు చిన్నబోవాల్సిందే.

అసలు హైదరాబాద్‌లో నన్ను కట్టిపడేసింది రాంనగర్ చేపల మార్కెట్. ముషీరాబాద్ పక్కన, తెల్లవారకముందే లారీలు దిగుతాయి. ఆదివారమైతే నడవడానికి సందుండదు. నేల తడి, బూట్లు తడి, మోకాళ్ళ దాకా ప్యాంటు తడి. ఆ వాసనకు పక్కవాళ్ళు కర్చీఫ్ తీస్తుంటే నాకు ప్రాణం లేచొచ్చింది. విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారుజామున వేలంపాట పాడుతుంటే గట్టు మీద ఉండే వాసనే. కాకపోతే ఐస్ పాలు ఎక్కువ, ఉప్పు పాలు తక్కువ.

సరుకు మాత్రం వేరు. గుట్టలుగా బొచ్చె, రవ్వ. చాలామటుకు ఆంధ్రా చెరువుల్లో పెంచి పంపినవి. వాటిని దాటి లోపలికెళితే టబ్బుల్లో నల్లగా, పాముల్లా మెలితిరిగే కొరమీను. తెలంగాణ రాష్ట్ర చేప అదే. నీళ్ళు పోసిన టబ్బు పక్కన స్టూలు వేసుకున్న ఒకామెను "కోనాం ఉందా అక్కా?" అని అడిగాను.

"గదేం చేప?"

"వంజరం."

"గట్లను మరి. ఐస్ డబ్బల ఉన్నది, తీయాలె. పానమున్న కొరమీను ముంగట వెట్టుకొని సచ్చిన చేపనడుగుతవేందన్నా?"

ఆమె అడిగినదాంట్లో న్యాయముంది. సముద్రం పక్కన తాజా అంటే చెప్ప ఎత్తి మొప్పలు చూడటం, కన్ను చూడటం, వేలితో నొక్కి చూడటం. ఎర్రగా ఉంటే, కన్ను మెరిస్తే, నొక్కినచోట గుంట పడకపోతే తాజా. వల తీసేసరికి చచ్చిన చేపలో కూడా తాజాదనం ఎంతుందో వెతకడం మా విద్య. ఇక్కడివాళ్ళకు అంత అవస్థ లేదు. ఎగిరితే తాజా, ఎగరకపోతే కాదు. కొరమీనుకు మొప్పలతోపాటు గాలి పీల్చే ఏర్పాటు కూడా ఉంటుంది కాబట్టి కాస్త నీళ్ళున్నా, తడి ఉన్నా బతికి ఉంటుంది. ఊళ్ళు దాటి, లారీ దిగి, టబ్బులో మూడోరోజు కూడా తోక కొడుతుంది. సముద్రానికి దూరంగా ఉన్న ఊరు ఏరికోరి ఆ చేపనే నెత్తిన పెట్టుకుందంటే ఆశ్చర్యం లేదు.

ఆమె కోసి, పొలుసు తీసి, బూడిద రాసి కడిగే తీరు చూస్తూ అరగంట నిలబడిపోయాను. పులుసు పెట్టుకున్నాం. కండ గట్టి, ముళ్ళు తక్కువ, రుచి మెత్తన. మంచి చేప. కానీ నెత్తళ్ళ వేపుడులో, కవళ్ళ పులుసులో నాలిక మీద తగిలే ఆ నూనె, ఆ సముద్రపు పొగరు దీనికి లేవు. నా తీర్పు మారదు.

మృగశిర కార్తె రోజున, అంటే జూన్ 8 అటూఇటూగా, ఈ మార్కెట్‌ను చూడాలి. కార్తె ప్రవేశించిన రోజు చేప తినాలన్నది తెలంగాణ ఇళ్ళలో గట్టి పట్టింపు. నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో బత్తిని కుటుంబం ఉబ్బసానికి చిన్న కొరమీను పిల్ల నోట్లో మందు పెట్టి మింగించేదీ అప్పుడే. మందు పనిచేస్తుందా అంటే డాక్టర్లు ఒప్పుకోరు, జనం వరస తగ్గించరు. అదే సమయంలో విశాఖలో ఏం జరుగుతుంటుంది? తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని మరబోట్లన్నీ హార్బర్‌లో కట్టేసి, వలలు బాగుచేసుకుంటూ ఉంటారు. హైదరాబాద్ ఏడాదంతటిలోకీ ఎక్కువ చేప తినే రోజున విశాఖ సముద్రం సెలవులో ఉంటుంది.

ఈ ఊరికి సముద్రం ఎప్పుడూ లేదా? గోల్కొండకు మచిలీపట్నం ఉండేది. డచ్చివాళ్ళు 1605లో, ఇంగ్లీషువాళ్ళు 1611లో అక్కడ దిగింది గోల్కొండ సుల్తాను రాజ్యంలోనే. అద్దకపు బట్టలు ఓడలెక్కింది ఆ రేవులోనే. ఇక ఆసఫ్ జాహీల కాలానికొస్తే మా విశాఖ కూడా కాగితాల మీద వాళ్ళదే. 1753లో సలాబత్ జంగ్ విశాఖతో కూడిన ఉత్తర సర్కారులను ఫ్రెంచివాళ్ళకు రాసిచ్చాడు. 1766లో నిజాం అలీ ఖాన్ ఒప్పందం చేసుకుని ఇంగ్లీషు కంపెనీకి వదిలేశాడు. తరవాత క్రమంగా హైదరాబాద్ రాజ్యానికి గుక్కెడు ఉప్పునీరు లేకుండా పోయింది. చివరి నిజాం ప్రభుత్వం 1947 ప్రాంతంలో గోవా రేవు కోసం పోర్చుగీసువాళ్ళతో బేరాలు కూడా ఆడింది. అవి తెగలేదు.

అప్పుడు పోయిన సముద్రం ఇప్పుడు నిజాంపేట పక్కన ప్రగతినగర్‌లో ఉంది. భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం అక్కడే. అందరూ ఇన్‌కాయిస్ అంటారు. చుట్టూ అపార్ట్‌మెంట్లు, టిఫిన్ సెంటర్లు, గేటు దాటితే బంగాళాఖాతం. ఉపగ్రహాలు సముద్రం పైపొర ఉష్ణోగ్రతనూ, నీటిలో పత్రహరితాన్నీ కొలిచి పంపితే, వేడినీళ్ళూ చన్నీళ్ళూ ఎక్కడ కలుస్తున్నాయో, చేపల మేత ఎక్కడ పెరుగుతోందో ఇక్కడ లెక్కగడతారు. ఏ రేవు నుంచి ఏ దిక్కుకు ఎన్ని కిలోమీటర్లు, ఎంత లోతులో వల వెయ్యాలో తెలుగుతో సహా తీరభాషల్లో కబురు పంపుతారు. మబ్బు కమ్మితే కబురు ఉండదు. నిషేధపు రోజుల్లోనూ ఉండదు.

అక్కడ పనిచేసే కాకినాడ ఆయనొకరు టీ కొట్టు దగ్గర పరిచయమయ్యారు. "మీ జాలరిపేటవాళ్ళు పొద్దున్నే ఎటెళ్ళాలో చెప్పేది ఇక్కణ్నించేనండీ" అన్నారు నవ్వుతూ. నీటి రంగును, పిట్టల గుంపును చూసి బోటు తిప్పే పెద్దలు ఆ కబురు వింటారా అన్నాను. "వింటారండీ. విని, వాళ్ళు అనుకున్న చోటికే వెళ్తారు కొందరు. డీజిలు మిగిలినవాళ్ళు మళ్ళీ అడుగుతారు."

2004 డిసెంబర్ 26 సునామీ తరవాత, 2007లో దేశపు సునామీ హెచ్చరిక కేంద్రాన్ని కూడా ఇక్కడే పెట్టారు. 2012 ఏప్రిల్ 11న సుమత్రా దగ్గర 8.6 తీవ్రతతో భూమి కదిలినప్పుడు మన తీరాలకు హెచ్చరికలు వెళ్ళింది ఇక్కడి నుంచే. పలకలు పైకి లేవకుండా పక్కకు జరగడంతో పెద్ద అల పుట్టలేదు. సముద్రం కనుచూపు మేరలో లేని భవనంలో పగలూ రాత్రీ దాన్ని కాపలా కాసేవాళ్ళున్నారు. అలను కనిపెట్టాల్సినవాళ్ళు అలకు అందనంత దూరంలో ఉండటం తెలివైన పనేనని నా అభిప్రాయం.

తీరం నుంచి ఇక్కడికి మారేవాళ్ళకు ఒక మాట. ఆదివారం తెల్లవారుజామున రాంనగర్ వెళ్ళండి, జూలైలో సంజీవయ్య పార్కు వైపు గట్టు మీద తెరచాపలు చూడండి. అప్పటికీ ఆగలేకపోతే బాపట్ల దగ్గర సూర్యలంక మూడు వందల కిలోమీటర్ల పైచిలుకు. హైదరాబాద్‌కు దగ్గర సముద్రతీరాల్లో అదొకటి. చేపల కోసమే అయితే జూన్ 15 దాటాక వెళ్ళండి.