ఎగిరే కుక్క దగ్గర ఆగండి

కుక్కను దత్తత తీసుకుందామని జంతువుల షెల్టర్‌కి వచ్చినవాళ్లను గమనించండి. మూల నక్కి బిత్తరచూపులు చూసే పిల్ల దగ్గర ఆగుతారు. బొద్దుగా, తెల్లగా ఉన్నదాన్ని ఎత్తుకుంటారు. జాలీ తలుపు మీదికి ఎగిరి దూకుతూ, గొంతు బొంగురుపోయేలా మొరిగేదాన్ని మాత్రం చూసీ చూడనట్టు దాటేస్తారు. "అమ్మో, ఇది ఇల్లు పీకి పందిరేస్తుంది" అని ఎవరో ఒకరు అంటారు. దాంతో దాని సంగతి తేలిపోతుంది. ఏడాదైనా నిండని ఆ ప్రాణికి ఒంటినిండా సత్తువ ఉంది, ఆ సత్తువకు పనే లేదు. మూత బిగించిన గిన్నెలో పాలు పొంగితే తప్పు పాలది కాదు కదా!

ఇల్లు ముందు దొరకాల్సింది ఇలాంటి కుక్కలకే అని నేను గట్టిగా నమ్ముతాను. మా తూనీగతో బతకడం మొదలుపెట్టాక ఆ నమ్మకం ఇంకా బలపడింది.

తూనీగ హైదరాబాద్‌లోని ఒక షెల్టర్ నుంచి మా ఇంటికి వచ్చింది. గోధుమరంగు ఒళ్లు, నల్లని మూతి. ఒక చెవి నిక్కపొడుచుకుని ఉంటుంది, రెండోది సగానికి వాలి ఉంటుంది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిందనడానికి గుర్తుగా చెవి కొన కత్తిరించి ఉంది. వీపు మీదికి చుట్టుకున్న తోక అచ్చం మన ఊరకుక్కదే. సన్నని పొడుగుకాళ్లు చూసి ముధోల్ రక్తం ఉందంటారు కొందరు, మూతి చూసి లాబ్రడార్ అంటారు ఇంకొందరు.

ఇలా జాతిని ఊహించడంలో సరదా ఉంది గానీ, దాన్నిబట్టి కుక్క గుణం చెప్పలేం. 2022లో 'సైన్స్' పత్రికలో ఒక పెద్ద పరిశోధన వచ్చింది. పద్దెనిమిది వేలకు పైగా కుక్కల గురించి వాటి యజమానులు చెప్పిన సంగతులను, రెండు వేలకు పైగా కుక్కల జన్యువులను కలిపి పరిశీలించారు. కుక్కకూ కుక్కకూ ప్రవర్తనలో కనిపించే తేడాల్లో జాతి వల్ల వచ్చేది సుమారు 9 శాతమేనని తేలింది. మిగతాదాంట్లో వయసు, పెంపకం, అనుభవం, ఆ ఒక్క ప్రాణికే సొంతమైన స్వభావం లాంటివెన్నో ఉంటాయి. కలగలుపు కుక్కను తెచ్చుకునేవాళ్లకు ఇంతకంటే మంచి కబురు ఏముంటుంది? పేరు చూసి కాకుండా దానితో మసలి తెలుసుకోవాలి. ఆ తెలుసుకోవడంలోనే స్నేహం మొదలవుతుంది.

షెల్టర్లలో పనిచేసేవాళ్లు మూడు మూళ్ల లెక్క చెబుతారు. కొత్త ఇంట్లో బెదురు తగ్గడానికి మూడు రోజులు, ఇంటి పద్ధతి అర్థం కావడానికి మూడు వారాలు, ఇది నా ఇల్లు అనుకోవడానికి మూడు నెలలు. అన్ని కుక్కలూ ఈ లెక్క ప్రకారమే నడవవు గానీ, తెచ్చుకున్నవాళ్లకు ఓపిక నేర్పడానికి ఇది బాగా పనికొస్తుంది. పైగా ఆరో నెల నుంచి ఏడాదిన్నర దాకా కుక్కకు కుర్రవయసు. నిన్న విన్న మాట ఈరోజు వినదు. చెప్పు కనిపిస్తే నోట కరుచుకుంటుంది, మనిషి కనిపిస్తే భుజాల మీదికి దూకుతుంది.

తూనీగ సోఫా మీంచి బాల్కనీకి, బాల్కనీలోంచి వంటింటికి గిరికీలు కొడుతుంటే మా అత్తయ్య అన్న మాట నాకు దారి చూపింది. "ఊళ్లో కుక్కలు కళ్లం దగ్గర కాపలా కాసేవి, మేకల వెంట పోయేవి. పొద్దుగూకేసరికి గడప ముందు పడి నిద్రపోయేవి. దీనికి ఏం పని ఉంది చెప్పు? ముందు దానికో పని చూడవే."

కుక్కకు దేవుడిచ్చిన పనిముట్టు ముక్కు. గాలి వదిలేటప్పుడు అది ముక్కు పక్కనున్న చీలికల్లోంచి వెనక్కి పోతుంది కాబట్టి, ముందునుంచి వచ్చే కొత్త వాసనకు అడ్డుపడదు. అందుకే వాకింగ్‌లో తూనీగను నేను గుంజను. వేపచెట్టు మొదలు దగ్గర ఆగితే నేనూ ఆగుతాను. రాత్రి ఆ దారిన ఎవరెవరు పోయారో అది అక్కడ నింపాదిగా చదువుకుంటుంది. గబగబా నడిపించిన రోజు కంటే ఇలా వాసన చూసుకుంటూ తిరిగిన రోజే దానికి మనసు నెమ్మదిస్తుంది. ఎండాకాలంలో రోడ్డు కాలకముందే, తెల్లవారుజామునే తీసుకెళ్లాలి. మన అరచేయి ఆనించలేనంత వేడిగా ఉన్న తారుమీద దాని పాదాలూ నిలవలేవు.

ఇంట్లో భోజనమూ పనే. పాత తువ్వాలు మడతల్లో మేత గింజలు దాచి ఇస్తే ముక్కుతో ఒక్కొక్క మడతా విప్పుకుంటుంది. మీదికి దూకినప్పుడు అరవకుండా, తొయ్యకుండా పక్కకు తిరిగి నిలబడతాను. నాలుగు కాళ్లూ నేలమీద ఆనగానే వంగి పలకరిస్తాను. దూకితే మనిషి దొరకదు, కుదురుగా నిలబడితే దొరుకుతుందని దానికి అర్థమైంది. కొట్టి నేర్పిస్తే మనిషి చెయ్యి అంటే భయం నేర్చుకుంటుంది. ఇంకో సంగతి, కుర్రకుక్కకు ఆటతో సమానంగా నిద్ర కావాలి. బాగా అలిసిపోయాక చిందులు ఇంకా పెరుగుతాయి. అప్పుడు బంతి దాచేసి, దీపం తగ్గించి పడుకోబెట్టాలి.

ఇల్లు దాటితే మన బాధ్యత ఇంకా పెద్దది. 2023లో అంబర్‌పేటలో నాలుగేళ్ల పసివాడు వీధికుక్కల దాడిలో ప్రాణం కోల్పోయాడు. లిఫ్టులో తూనీగను చూసి గోడకు అతుక్కుపోయే పిన్నిగారి భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. ఆవిడ దిగేదాకా మేం బయటే ఆగుతాం. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం చాలా అరుదు, టీకాతో మాత్రం దాన్ని రాకుండా ఆపొచ్చు. అందుకే డాక్టర్ చెప్పిన గడువు దాటకుండా టీకా వేయించడం, మెడకు పట్టీ లేకుండా గడప దాటనివ్వకపోవడం, రోడ్డుమీద అది చేసిన మురికిని మనమే ఎత్తడం కుక్క మీద ప్రేమలో భాగమే. ఇరుగుపొరుగుకు మన కుక్క మీద నమ్మకం కలిగితే, గేటు బయట ఉన్న కుక్కల మీదా కొంత దయ పుడుతుంది.

వీధికుక్కల కేసులో సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 22న ఇచ్చిన ఉత్తర్వులో దత్తత ప్రస్తావన ఉంది. కావాలనుకున్నవాళ్లు మున్సిపాలిటీకి దరఖాస్తు చేసుకుని వీధికుక్కను దత్తత తీసుకోవచ్చు, అయితే అది మళ్లీ వీధిన పడకుండా చూసే బాధ్యత వాళ్లదేనని కోర్టు చెప్పింది. ఈ రెండో మాటను నేను మనసారా సమర్థిస్తాను. హుషారు కుక్కను ముద్దుగా తెచ్చుకుని, నెల తిరక్కుండానే "మావల్ల కాదు" అని షెల్టర్‌కి తిరిగి అప్పజెబితే దానికి అది రెండోసారి ఇల్లు పోవడమే. తెచ్చుకునేముందే ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోవాలి. పొద్దున ఎవరు నడిపిస్తారు, ఊరెళితే ఎవరు చూస్తారు, పదీ పన్నెండేళ్ల పాటు ఖర్చు ఎవరు భరిస్తారు?

ఆ లెక్క కుదిరినవాళ్లు షెల్టర్‌కి వెళ్లండి. ఎగిరెగిరి దూకే కుక్క ముందు కాసేపు ఎక్కువ నిలబడండి. దాన్ని బోనులో చూసి తీర్పు చెప్పకండి, బయటికి తీసి కాస్త నడిపించమని అక్కడివాళ్లను అడగండి. కాళ్లకింద మట్టి తగలగానే, ముక్కుకు గడ్డి వాసన అందగానే చాలా కుక్కలు వేరేగా కనిపిస్తాయి. రోజుకో రెండు గంటలు, దానికి చేతనైన ఒక పని ఇవ్వగలిగితే, ఇంతవరకూ అందరూ దోషమన్న ఆ హుషారే మీ ఇంటిని పొద్దున్నే నిద్రలేపుతుంది, వయసు మళ్లినవాళ్లను వీధిలోకి నడిపిస్తుంది, పలకరింపులు లేని అపార్ట్‌మెంట్‌లో పదిమందితో మాట కలుపుతుంది. తూనీగ మా ఇంట్లో ఇవన్నీ చేసింది, ఇప్పుడూ చేస్తోంది.